విశాఖలో వ్యవసాయ మ్యూజియం: రిబ్బను కత్తిరించాక ఖర్చు ఎవరిది?

విశాఖ బీచ్ రోడ్డుకు మ్యూజియాలు కొత్త కాదు. కురుసుర జలాంతర్గామిని 2002 నుంచి జనం లోపలికి వెళ్లి చూస్తున్నారు. 2017లో దానికి ఎదురుగా టీయూ-142 నిఘా విమానం వచ్చి చేరింది. డచ్చివారి నాటి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. సముద్రం గురించీ నౌకాదళం గురించీ ఈ నగరం గర్వంగా చెప్పుకుంటుంది, అందులో తప్పు లేదు. అయితే ఈ వరుసలో సాగుకే కేటాయించిన భవనం ఒక్కటీ లేదు.

ఆ లోటు చిన్నది కాదు. ఈ నగరం పెరిగింది పొలాల మీదే. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. దాని కోసం గాజువాక చుట్టుపక్కల పదుల గ్రామాలు భూములు వదులుకున్నాయి. రైవాడ జలాశయంలోని శారదా నది నీరు ఇప్పుడు ఆయకట్టు పొలాలతో పాటు నగరపు కుళాయిలకు కూడా చేరుతోంది. 1967లో ఇక్కడ ఉత్పత్తి మొదలుపెట్టిన కోరమండల్ ఎరువుల కర్మాగారం హరిత విప్లవ చరిత్రలో భాగం. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజనతో అనకాపల్లి, అరకు వేరే జిల్లాలకు వెళ్లినా, అక్కడి పంటలకు విశాఖతో ఉన్న సంబంధం తెగిపోలేదు. పల్లం, మెట్ట, గరువు, కొండపోడు అనే నాలుగు రకాల సాగూ ఒక పగటి ప్రయాణంలో చూడగలిగిన ప్రాంతమిది.

కాబట్టి విశాఖకు వ్యవసాయ వారసత్వ మ్యూజియం అవసరమా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. దాని వెనుక ఎలాంటి ధర్మసంస్థ నిలబడాలి, ఆ సంస్థ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి అన్నదే ప్రశ్న. ఇలాంటి ఆలోచన రాగానే అందరి దృష్టీ భవనం మీదికి పోతుంది. స్థలం, నమూనా, శిలాఫలకం, ప్రారంభోత్సవం. భవనానికి దాతలు దొరుకుతారు. దొరకనిది పదో ఏడాది చెదల మందుకు, రిజిస్టరు రాసే ఉద్యోగి జీతానికి, మూలపడిన గానుగను మళ్లీ ఆడించే మనిషి కూలికి. ధర్మసంస్థ పుట్టవలసింది ఈ రెండో రకం ఖర్చు కోసం.

ఆ ఖర్చు ఎందుకంత ముఖ్యమో వస్తువులను చూస్తే అర్థమవుతుంది. నాగలి, కాడి, గొర్రు, గుంటక, ఏతాం, గూడ, గాదె, చేట, కుంచం. వీటిలో చాలావరకు కర్ర, వెదురు, నార, తోలు, ఇనుము. రాతి విగ్రహంలా నిలబడే వస్తువు దాదాపు ఏదీ లేదు. విశాఖ గాలిలో ఉప్పు ఉంటుంది, ఏడాదిలో ఎక్కువ కాలం తేమ ఉంటుంది. ఇనుప కర్రుకు తుప్పు పడుతుంది, కర్రకు పుచ్చు పడుతుంది, తాటినారకు బూజు పడుతుంది. ఇనుముకు తుప్పు తీసి, టానిక్ ఆమ్లం పూసి, పైన సన్నని మైనపు పొర వేయాలి. అది ఒకసారి చేసి మరిచిపోయే పని కాదు. కర్ర వస్తువును మ్యూజియంలోకి తెచ్చే ముందు కొన్నాళ్లు వేరే గదిలో ఉంచి పురుగు లేదని తేల్చుకోవాలి. లేకపోతే కొత్తగా వచ్చిన ఒక్క రోకలి నుంచి గది అంతటికీ పురుగు పాకుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు నగరంలో ఎన్ని కప్పులు ఎగిరిపోయాయో చూసినవారికి, తీరాన వస్తువులు దాచడం అంటే ఏమిటో విడిగా చెప్పనక్కరలేదు.

అయినా వస్తువును కాపాడటం ఇందులో తేలికైన సగమే. మిగిలిన సగం మనుషుల చేతుల్లో ఉంది. కుంచాన్ని అద్దాల పెట్టెలో పెట్టవచ్చు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని పక్కన రాయవచ్చు. అయితే ఆ కుంచంతో కళ్లంలో ధాన్యం ఎవరు కొలిచేవారు, కొలిచేటప్పుడు మొదటి కొలతను ఏమనేవారు, అందులోంచి చాకలికి, మంగలికి, కమ్మరికి, వడ్రంగికి ఎంత వెళ్లేది, ఊరు మారితే కుంచం పరిమాణం ఎలా మారేది, ఆ తేడాతో ఎవరు లాభపడేవారు అన్నది పెద్దవాళ్లను అడిగి రాసుకుంటే తప్ప దొరకదు. కౌలు, పాలేరుతనం, కులాల మధ్య పంపకం లేకుండా కుంచం కథ లేదు. ఆ భాగాన్ని వదిలేసి పల్లె అందాన్ని మాత్రమే చూపే మ్యూజియం నిజం సగమే చెప్పినట్టు.

అనకాపల్లి బెల్లం మరో ఉదాహరణ. గానుగ, పెనం, పొయ్యి, అచ్చు అన్నీ తెచ్చి పెట్టవచ్చు. రసం మరుగుతున్నప్పుడు మడ్డి ఎప్పుడు తీయాలో, సున్నం ఎంత వేయాలో, పాకం ఏ దశలో దించాలో బెల్లం వండేవారి కంటికీ చేతికీ మాత్రమే తెలుసు. చెరకు రకం మారితే, నేల మారితే ఆ లెక్క కూడా మారుతుంది. కొనేవారు తెల్లగా మెరిసే బెల్లం కోరడం, ఆ రంగు కోసం కొందరు హైడ్రోస్ అనే తెల్లబరిచే రసాయనం కలపడం కూడా ఈ చరిత్రలో భాగమే. చెరకు పరిశోధన కోసం అనకాపల్లిలో నూరేళ్లకు పైబడిన కేంద్రం ఉంది. చెరకు రకాల చరిత్ర అక్కడ దొరుకుతుంది. వండే చేతుల చరిత్రను రాసి పెట్టే బాధ్యత మాత్రం ఇంకా ఎవరి మీదా లేదు. గానుగ ఆడే నెలల్లో వండేవారికి సరైన కూలి ఇచ్చి, వారి పనిని వీడియో తీసి, వారి మాటల్లోనే వివరణ రికార్డు చేయడానికి అయ్యే ఖర్చు ఒక ప్రదర్శన గది ఖర్చులో చిన్న వంతు. విలువ మాత్రం చాలా ఎక్కువ. ఆ తరం వెళ్లిపోతే ఎన్ని కోట్లు పెట్టినా ఆ పని మళ్లీ చేయలేం.

కార్తెల జ్ఞానం కూడా ఇలాంటిదే. ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయన్న సామెతను గోడ మీద రాయడం సులువు. ఒక్కో కార్తె పదమూడు పద్నాలుగు రోజులు. ఏ కార్తెలో ఏ విత్తనం చల్లేవారో, వాన తప్పితే దాని బదులు ఏది వేసేవారో ఊరూరా సేకరిస్తే, అది మారుతున్న వాతావరణాన్ని అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలకూ పనికొచ్చే సమాచారం అవుతుంది.

విత్తనాల విషయానికి వస్తే మ్యూజియం అనే మాటే సరిపోదు. గాజు సీసాలో పోసిన చోళ్లు, సామలు, కొర్రలు, వలిసెలు చూడటానికి బాగుంటాయి. మామూలు గదిలో అవి కొన్నేళ్లలో మొలకెత్తే శక్తి కోల్పోతాయి. విత్తనంలో తేమ ఒక శాతం తగ్గితే ఆయువు సుమారు రెట్టింపవుతుందనీ, నిల్వ ఉష్ణోగ్రత ఐదు డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపవుతుందనీ విత్తన శాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. అంటే ఆరబెట్టడానికీ చల్లగా ఉంచడానికీ ఏటా ఖర్చు. అంతకన్నా నమ్మకమైన దారి, వాటిని పొలంలో పండిస్తూ ఉండటం. మన్యంలో కొత్త కొర్ర, కొత్త సామ, కొత్త చిక్కుడు తినే ముందు పండుగ చేస్తారు. చైత్రంలో ఇటుకల పండుగ విత్తనాల పండుగ కూడా. ఆ పంటలు పొలంలో ఉన్నంతవరకే ఆ పండుగలకు అర్థం.

ఈ పనికి నమూనా కోసం చాలా దూరం వెళ్లనక్కరలేదు. అరకు కొండలకు ఆనుకునే ఒడిశాలోని కోరాపుట్ ఉంది. అక్కడి సంప్రదాయ సాగును ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యం గల వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. వెనుక పనిచేసినది ఒక ధర్మసంస్థే. 1987లో మొట్టమొదటి ప్రపంచ ఆహార బహుమతి అందుకున్న ఎం.ఎస్. స్వామినాథన్ ఆ డబ్బుతో మరుసటి ఏడాది పరిశోధన ఫౌండేషన్ స్థాపించారు. జయపురం ప్రాంతంలో ఆ సంస్థ గిరిజన రైతులతో కలిసి దేశవాళీ వరి, చిరుధాన్యాల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. దేశవాళీ విత్తనాలు కాపాడినందుకు 2019లో పద్మశ్రీ అందుకున్న కమలా పూజారి ఆ నేల నుంచే వచ్చారు. అక్కడ వారసత్వం పేరుతో ముందు డబ్బు వెళ్లింది పొలానికి, రైతుకు. సరిహద్దుకు ఇవతల అదే కొండలు, చాలావరకు అవే పంటలు ఉన్నాయి. ఇవతలి వైపు అలాంటి గుర్తింపు లేకపోవడానికి కారణం పంటలు తక్కువై కాదు. అన్నేళ్లు ఓపికగా డబ్బు పెట్టి, రాతకోతలు చేసిన సంస్థ ఇక్కడ లేకపోవడం ప్రధాన కారణమని చెప్పవచ్చు.

వస్తువుల సేకరణకు మరో పాఠం ఇంగ్లండులో దొరుకుతుంది. ట్రాక్టర్లు గుర్రపు నాగళ్లను పక్కకు నెట్టేస్తున్న రోజుల్లో, 1951లో రీడింగ్ విశ్వవిద్యాలయం గ్రామీణ జీవన మ్యూజియం స్థాపించింది. పనిముట్లు పొలాల్లోంచి మాయమయ్యేలోపే ఊళ్లు తిరిగి సేకరించారు. మన దేశంలో లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం 1974లో పంజాబు పల్లె జీవితానికి మ్యూజియం కట్టింది. రెండింటికీ వెనుక విశ్వవిద్యాలయం ఉంది. జీతాలు, పరిశోధన, విద్యార్థులు అక్కడి నుంచే వచ్చాయి. విశాఖలో ధర్మసంస్థ ఒంటరిగా ఈ భారం మోయాలనుకోవడం సాహసం. ఆంధ్ర విశ్వవిద్యాలయంతోనో అనకాపల్లి, చింతపల్లి, ఎలమంచిలి వ్యవసాయ పరిశోధన కేంద్రాలతోనో ఒప్పందం మొదటి రోజే ఉండాలి.

ఇక డబ్బు. టిక్కెట్ల మీద ఆధారపడవచ్చా? జలాంతర్గామిలోకి దిగడం పర్యాటకులకు అరుదైన అనుభవం కాబట్టి టిక్కెట్టు కొంటారు. నాగలి చూడటానికి ఆ స్థాయిలో జనం వస్తారని లెక్క కట్టడం వాస్తవం కాదు. పైగా ఇక్కడికి రావలసిన వారిలో మొదటివారు బడి పిల్లలు, రైతులు. వారి దగ్గర టిక్కెట్టు వసూలు చేయకూడదు.

తరువాత అందరూ చెప్పే మాట కంపెనీల సామాజిక బాధ్యత నిధులు. 2014 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, 500 కోట్ల నికర విలువ గాని, 1000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు పెట్టాలి. వారసత్వ పరిరక్షణ, కళలు, సంస్కృతి ఆ జాబితాలో ఉన్నాయి. కంపెనీ పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. ఓడరేవు, చమురు శుద్ధి, ఎరువులు, మందుల పరిశ్రమలు ఉన్న విశాఖకు ఇది పెద్ద అవకాశంలా కనిపిస్తుంది.

చిక్కు ఇక్కడే ఉంది. 2021 జనవరి 22 నుంచి ఏ సంస్థ మూలనిధికి, అంటే అసలు ముట్టకుండా వడ్డీతో నడిపే నిధికి, ఇచ్చిన విరాళాన్నీ ఈ ఖర్చు కింద లెక్కించరు. ఒక ప్రాజెక్టు కాలపరిమితి కూడా మొదలుపెట్టిన ఏడాదిని మినహాయించి మూడేళ్లు. అంటే కంపెనీ డబ్బుతో గది కట్టవచ్చు, వస్తువులు శుభ్రం చేయించవచ్చు, వీడియోలు తీయించవచ్చు. పదేళ్ల తరువాత కూడా జీతాలు వచ్చేలా వడ్డీ మీద నడిచే నిధిని మాత్రం ఏర్పాటు చేయలేం. నిబంధనలే మ్యూజియాలను భవనం వైపు నెడుతున్నాయని అనడం అతిశయోక్తి కాదు. ఆ డబ్బుతో ఏర్పడే ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. నమోదైన ట్రస్టు, సొసైటీ, లాభాపేక్ష లేని కంపెనీ లేదా ప్రభుత్వ సంస్థ వంటి వాటి పేరున ఉండాలి. ధర్మసంస్థ అవసరం ఇక్కడ చట్టపరంగా కూడా వస్తుంది.

మూలనిధి అనే ఆలోచన మనకు కొత్తది కాదు. సింహాచలం, ద్రాక్షారామం వంటి ఆలయాల శాసనాల్లో అఖండ దీపాలకు ఇచ్చిన దానాలు కోకొల్లలు. దాత గొర్రెలనో ఆవులనో కాపరికి అప్పగించేవాడు. మంద తరగకూడదు, దాని పాడి నుంచి రోజూ ఇంత నెయ్యి గుడికి చేరాలి. అసలు ముట్టకుండా ఫలసాయంతో పని నడపడం అంటే అదే.

ఇప్పటి లెక్కలో అది ఎంత అవుతుంది? ఏడాదికి 30 లక్షలు ఖర్చయ్యే చిన్న మ్యూజియం అనుకుందాం. నలుగురైదుగురు ఉద్యోగులు, కరెంటు, మరమ్మతులు, సేకరణ ప్రయాణాలు. 7 శాతం వడ్డీ వస్తుందనుకుంటే సుమారు 4.3 కోట్ల నిధి చాలనిపిస్తుంది. అయితే ధరలు ఏటా 4 శాతం పెరిగితే, వడ్డీలో అంత భాగం అసలులో కలపకపోతే నిధి విలువ కరిగిపోతుంది. ఖర్చుకు మిగిలేది 3 శాతం. అప్పుడు కావలసింది 10 కోట్లు. మరో అడ్డు ఆదాయపు పన్ను నిబంధన. ధర్మసంస్థ తన ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ఆశయాలకు ఖర్చు పెట్టాలి, స్వేచ్ఛగా మిగుల్చుకోగలిగేది 15 శాతం. 10 కోట్ల మీద 70 లక్షల వడ్డీ వస్తే అందులో పదిన్నర లక్షలే అలా అసలులో కలపగలరు. నిలబడటానికి కావలసింది 40 లక్షలు. నిర్దిష్ట ప్రయోజనం చూపి ఐదేళ్ల వరకు నిల్వ చేసుకునే వెసులుబాటు ఉంది గాని, అది చివరికి ఖర్చు కావలసిన డబ్బే. కాబట్టి ఒకసారి నిధి సేకరించి తలుపులు మూసుకుని కూర్చునే ధర్మసంస్థ నెమ్మదిగా చిక్కిపోతుంది. మూలనిధికే అని దాత రాసిచ్చిన కొత్త విరాళాలు ఏటా కొన్నైనా రావాలి.

అవి ఎవరి నుంచి? జీతగాళ్ల విరాళానికి 80జి పన్ను మినహాయింపు ఆకర్షణగా ఉండేది. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవారికి అది లేదు. విదేశాల్లోని తెలుగువారు ఇస్తారంటే అక్కడా తేడా తెలుసుకోవాలి. భారత పౌరసత్వం ఉన్నవారు తమ సంపాదన నుంచి ఇస్తే అది దేశీయ విరాళమే. అక్కడి పౌరసత్వం తీసుకున్నవారు ఇస్తే విదేశీ విరాళాల చట్టం కింద నమోదు తప్పనిసరి. దానికి మామూలుగా సంస్థ మూడేళ్లు పనిచేసి, ఆశయాల మీద కనీసం 15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. తొలి మూడేళ్లు దేశీయ విరాళాలతోనే నడవాలన్నమాట. చిన్న మొత్తాలు ఇచ్చే వందల మంది సభ్యులు ఉన్న సంస్థకు, ఒకే పెద్ద దాత మీద నిలిచిన సంస్థ కన్నా ఆయువు ఎక్కువ.

విశాఖ చరిత్రలోనే దీనికి సాక్ష్యం ఉంది. గోడే వెంకట జగ్గారావు 1840లో డాబా గార్డెన్స్‌లో సొంత ఖర్చుతో ఖగోళ వేధశాల స్థాపించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని మరింత పెంచి, 1874 నాటి శుక్ర సంక్రమణాన్ని, అంటే సూర్యబింబం ముందు నుంచి శుక్రుడు దాటడాన్ని, పరిశీలించారు. 1892లో ఆయన మరణించాక కుటుంబం వేధశాలను ప్రభుత్వానికి అప్పగించింది. ఇప్పుడు అది లేదు. రెండు తరాల అంకితభావానికి లోటు లేదు. ఆ ఇద్దరి తరువాత ఆ పనిని తమదిగా భావించే బృందం లేకపోయింది.

దాతల సంఖ్య పెరిగినకొద్దీ వారి ప్రభావం ప్రశ్న కూడా వస్తుంది. ఎరువులు, విత్తనాలు, ట్రాక్టర్లు అమ్మే సంస్థలు ఈ మ్యూజియానికి సహజమైన దాతలు. వారి డబ్బు వద్దనడం తొందరపాటు. ఏ వస్తువు ప్రదర్శించాలి, దాని పక్కన ఏమి రాయాలి అన్న నిర్ణయం మాత్రం వారికి అప్పగించకూడదు. హరిత విప్లవం ఆకలి తీర్చిన సంగతీ, దానితో నేలకూ దేశవాళీ రకాలకూ జరిగిన నష్టమూ ఒకే గదిలో కనిపించాలి. అందుకే ధర్మసంస్థ, మ్యూజియం వేర్వేరు సంస్థలుగా ఉండటం మంచిది. ఒకటి డబ్బు సేకరించి లెక్క చెబుతుంది, మరొకటి కథ నిర్ణయిస్తుంది. కథ నిర్ణయించే మండలిలో సాగు చేసే రైతులు, ముఖ్యంగా విత్తనాలు దాచే స్త్రీలు, మన్యం నుంచి వచ్చినవారు ఓటు హక్కుతో కూర్చోవాలి. సలహాదారులుగా పేరు వేసి ఫొటోకు పిలిస్తే చాలదు.

మన్యం విషయంలో ఇంకో జాగ్రత్త తప్పదు. అరకులో స్థలం కొని కేంద్రం పెడదామనుకునే దాతలు 1/70 నిబంధన తెలుసుకోవాలి. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు, గిరిజనులు మాత్రమే సభ్యులుగా లేని సంస్థలకు బదిలీ కాదు. సమతా అనే స్వచ్ఛంద సంస్థ వేసిన, అనంతగిరి మండలం నుంచే మొదలైన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఈ రక్షణను మరింత గట్టి చేసింది. ఇది అడ్డంకి కాదు, సరైన దారి చూపే నియమం. కొండమీద కేంద్రం కావాలంటే అది గిరిజన సంఘాల సొంతంగా ఉండాలి, ధర్మసంస్థ ఖర్చులు మాత్రం భరించాలి. విత్తనాల సేకరణకూ ఇదే వర్తిస్తుంది. రైతుల విత్తన హక్కులకు 2001 చట్టం, జీవవైవిధ్యానికి 2002 చట్టం ఉన్నాయి. ఏ ఊరి నుంచి, ఎవరి అనుమతితో, ఏ షరతు మీద విత్తనం వచ్చిందో రాతపూర్వకంగా ఉండాలి. రేపు దాని నుంచి లాభం వస్తే వాటా ఆ ఊరికి వెళ్లాలి.

ఈ లెక్కన మ్యూజియం ఒకే చోట ఉండనక్కరలేదు. విశాఖలో ఒక మోస్తరు ప్రదర్శన, వస్తువుల భాండాగారం. అనకాపల్లి దగ్గర ఏటా కొన్ని వారాలు ఆడే గానుగ. మన్యంలో రైతుల పొలాల్లోనే పండే పాత రకాలు. వాటి నకళ్లు జాతీయ విత్తన బ్యాంకులో. బీచ్ రోడ్డు స్థలం కోసం ఏళ్లు ఎదురుచూసే కన్నా, తీరానికి దూరంగా తక్కువ తేమ ఉన్న చోట అద్దె భవనంలో భాండాగారం వెంటనే మొదలుపెట్టడం మేలు. పనిముట్లు పాత ఇనుముకు, పొయ్యికి వెళ్లిపోతున్న వేగం చూస్తే ఈ తొందర అర్థమవుతుంది.

దానపత్రం రాసేటప్పుడు చాలామంది చివరి పేజీ చదవరు. ధర్మసంస్థ మూతపడితే ఆస్తులు ఎవరికి వెళ్లాలో చెప్పే నిబంధన అక్కడ ఉంటుంది. ఇలాంటి ఆశయం ఉన్న మరో సంస్థకు అని ఒక మాట రాసి వదిలేస్తారు. వ్యవసాయ మ్యూజియం విషయంలో అది చాలదు. వస్తువులు ఏ విశ్వవిద్యాలయానికి లేదా ప్రభుత్వ మ్యూజియానికి వెళ్లాలో పేరుతో రాసి, ఆ సంస్థ అంగీకారం ముందే తీసుకోవాలి. విత్తనాలు ఇచ్చిన ఊళ్లకే తిరిగి చేరాలని, రికార్డు చేసిన మాటల నకలు ఆ కుటుంబాలకు అందాలని కూడా రాయాలి. కాగితంలో ఈ మూడు వాక్యాలు ఉన్నాయో లేదో చూశాకే, నాన్నగారి నాగలిని మ్యూజియానికి ఇవ్వాలో వద్దో ఒక రైతు కుటుంబం నిర్ణయించుకోవచ్చు.